మొదటి సెయిల్‌బోట్ కొనాలి: శాన్ ఫ్రాన్సిస్కో బే, పాతిక వేల బడ్జెట్, 30 అడుగులా 37 అడుగులా?

ఫ్రీమాంట్_తెరచాప:
అందరికీ నమస్కారం. ఏఎస్‌ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) 101, 103 కోర్సులు అయిపోయాయి. వీలైన వారాంతమల్లా క్లబ్ పడవల మీద వెళ్తూనే ఉన్నాం. ఇప్పుడు సొంతది కావాలనిపిస్తోంది. ఇంట్లో నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప. రాత్రి పడుకునే వీలుండాలి. ఏంజెల్ ఐలండ్ దగ్గర ఒక రాత్రి గడిపి రావాలి, చెయ్యి తిరిగాక హాఫ్ మూన్ బే దాకా, వేసవి సెలవుల్లో శాక్రమెంటో నది డెల్టాలోకి. ప్రపంచం చుట్టి రావాలన్న ఆలోచన ఏమీ లేదు.

చేతిలో పాతిక వేల డాలర్లున్నాయి. రెండు పడవలు చూశాను. ఒకటి 1984 నాటి కాటలినా 30, యూనివర్సల్ ఎం-25 డీజిల్ ఇంజిన్, 16,500 అడుగుతున్నారు. రెండోది 1970ల నాటి 37 అడుగుల కెచ్. రెండు మాస్టులు (తెరచాప కట్టే స్తంభాలు), టేకు డెక్, లోపల మనిషి నిటారుగా నడిచేంత ఎత్తు. అడుగుతున్నది 12,000 మాత్రమే. పెద్దదే తక్కువకు వస్తుంటే చిన్నది ఎందుకని మనసు అటే లాగుతోంది. నేను హెచ్‌1బీ మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు ఇంకా లైన్లోనే. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

బే_గాలి:
వీసా సంగతి ముందు తేల్చేద్దాం. కాలిఫోర్నియా డీఎంవీలో పడవ రిజిస్టర్ చేయించుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు. సీఎఫ్ అని మొదలయ్యే నంబరు ఇస్తారు, పడవ ముందు భాగంలో రెండు పక్కలా అంటించాలి. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ మాత్రం అమెరికా పౌరులకే, గ్రీన్‌కార్డు ఉన్నా ఇవ్వరు. బేలో తిరిగే పడవకు అది లేకపోయినా నష్టం లేదు. మీరు కొనేది ఇప్పటికే డాక్యుమెంటెడ్ పడవ అయితే, ఆ జాబితాలోంచి తీయించే బాధ్యత అమ్మేవాళ్ళదేనని ఒప్పందంలో రాయించండి. ఎప్పుడైనా ఎన్సెనాడా వైపు మనసు పోతే, మెక్సికో రేవులో దిగడం అంటే దేశం దాటినట్టే. లాయర్ని అడగకుండా తాడు విప్పొద్దు.

ఇక ఆ 37 అడుగుల పడవ. తమ్ముడూ, దాని జోలికి పోవద్దు. పడవ కొన్న ధర ఒక్కసారి కట్టేది. మిగతావన్నీ ఏటా కట్టేవి, అవి పడవ సైజును బట్టి ఉంటాయి. స్లిప్పుకు, అంటే మెరీనాలో పడవ కట్టుకునే చోటుకు, మన దగ్గర మెరీనాను బట్టి అడుగుకు నెలకు పది నుంచి పదిహేను డాలర్ల దాకా అడుగుతున్నారు. అది అడుగుల లెక్క కాబట్టి ఫరవాలేదు అనుకోవచ్చు. కానీ తెరచాపల విస్తీర్ణం, మాస్ట్‌ను నిలబెట్టే తీగల మందం, వించుల (తాళ్ళు చుట్టి లాగే చక్రాల) సైజు, అడుగున పెయింటు, ఇంజిన్, ఇవన్నీ పడవ బరువుతో పాటు పెరుగుతాయి. కాటలినా 30 బరువు పది వేల పౌండ్లు. ఆ కాలం నాటి 37 అడుగుల కెచ్ దానికి రెట్టింపు ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా రెండు మాస్టులు, అంటే మార్చాల్సిన తీగలు, అమరికలు ఇంకా ఎక్కువ.

టేకు డెక్ ఫొటోలో చాలా బాగుంటుంది. ఆ రోజుల్లో ఆ పలకల్ని ఫైబర్‌గ్లాస్‌లోకి స్క్రూలతో బిగించారు. స్క్రూలు వందల్లో ఉంటాయి, ఒక్కో స్క్రూ లోపలి బాల్సా చెక్కలోకి నీళ్ళు దిగే దారి. యాభై ఏళ్ళలో లోపల చెక్క ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ డెక్ మొత్తం తీసి మళ్ళీ వేయించడానికి అయ్యే ఖర్చు తెలుసు కాబట్టే 12,000కు అమ్ముతున్నారు.

చెసపీక్_తీరం:
బే_గాలి గారి మాటే నా మాట. మా అన్నాపోలిస్ వైపు మెరీనాల్లో ఇలాంటి పెద్ద పడవలు వరసగా కనిపిస్తాయి, వాటి మీద మనుషులు మాత్రం కనిపించరు. ఇద్దరు మనుషులు, ఒక చిన్న పాప అంటున్నారు. ఇద్దరిలో ఒకరి కళ్ళు ఎప్పుడూ పాప మీదే ఉంటాయి. అంటే మీరు ఒక్కరే నడపగలిగే పడవ కావాలి. 30 అడుగులు ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది, 27 అయినా బాగుంటుంది.

కాటలినా 30 చూడటానికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఇవి చూడండి. పడవను పరీక్షించే సర్వేయర్ దాకా పోకముందే సగం విషయం మీకే తెలిసిపోతుంది.

వెళ్ళగానే మాటల్లో పడకుండా ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీ కళ్ళతో చూడాలి, కాబట్టి ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ అయ్యాక వెనక్కి వెళ్ళి ఎగ్జాస్ట్ చూడండి, పొగతో పాటు నీళ్ళు దఫదఫాలుగా చిమ్మాలి. నీళ్ళు రాకపోతే వెంటనే ఆపించండి. ఎం-25 లోపలి బ్లాక్ కుబోటా ట్రాక్టర్‌ది, మంచి గట్టి ఇంజిన్. దాంట్లో పేరుమోసిన లోపాలు రెండు: ఆల్టర్నేటర్‌ని పట్టుకునే పాత బ్రాకెట్ బలహీనం, వైరింగ్ మధ్యలో ఉండే ప్లగ్ వేడెక్కి కాలుతుంది. రెండూ మార్చారో లేదో అడగండి. మార్చి ఉంటే ఆ మనిషి పడవను శ్రద్ధగా చూసుకున్నాడని నమ్మొచ్చు.

తర్వాత డెక్. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో గానీ చిన్న ప్లాస్టిక్ సుత్తితో గానీ అడుగు అడుగుకూ తడుతూ వెళ్ళండి. లోపల చెక్క ఎండుగా ఉన్నచోట ‘టక్ టక్’ అని స్పష్టంగా పలుకుతుంది. తడిసి కుళ్ళినచోట ‘దబ్ దబ్’ అని మొద్దుగా వస్తుంది. రెయిలింగ్ స్తంభాల పాదాల చుట్టూ, మాస్ట్ తీగల్ని బిగించే చెయిన్‌ప్లేట్ల దగ్గర, మాస్ట్ కింద, ఈ మూడు చోట్లా తీరిగ్గా తట్టండి. నీళ్ళు దిగేది అక్కడే.

లోపలికి వెళ్ళి బాత్రూమ్ తలుపు వేసి చూడండి. సరిగ్గా పట్టకుండా పైన ఒరుసుకుంటుంటే, మాస్ట్ బరువు మోసే స్తంభం కింద చెక్క కుంగిందేమోనని అనుమానించాలి.

ఫ్రీమాంట్_తెరచాప:
ఇద్దరికీ చాలా థాంక్స్. కెచ్ ఆలోచన మానేశాను. ఫొటోలు కూడా ఫోన్లోంచి తీసేశాను, మళ్ళీ చూస్తే మనసు మారుతుందేమోనని. కాటలినా కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) గురించి ‘స్మైల్’ అని ఏదో చదివాను, అది నిజంగా భయపడాల్సిన విషయమా?

చెసపీక్_తీరం:
కీల్ ముందు అంచు హల్‌ను (పడవ ఒంటిని) కలిసేచోట నవ్వులా వంపు తిరిగిన పగులు కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. కాటలినాల్లో చాలా మామూలు. బోల్టులు బిగించి, పగులు పూడ్చి పెయింటు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. పగులు వెడల్పుగా ఉండి తుప్పు నీరు కారుతుంటే, లోపల బిల్జ్‌లో (పడవ అడుగు గుంటలో) బోల్టుల చుట్టూ మెత్తగా ఉంటే అది వేరే కథ. పాత కాటలినా 30లలో ఆ భాగంలో ప్లైవుడ్ పెట్టారు, తడిస్తే నలుగుతుంది. పడవను నీళ్ళలోంచి పైకి ఎత్తి చూస్తేనే తేలుతుంది, అందుకే హాల్‌ఔట్ లేని సర్వేకు డబ్బు పెట్టొద్దు.

హుస్సేన్‌సాగర్_లేజర్:
నాది వేరే అభిప్రాయం, దయచేసి అడ్డుపుల్ల అనుకోకండి. నేను హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ మీద నేర్చుకున్నాను, ఇప్పుడు శాన్ హోసేలో ఉంటున్నాను. సెయిలింగ్ కావాలంటే పడవ కొనక్కర్లేదు. బర్క్‌లీలో కాల్ సెయిలింగ్ క్లబ్ ఉంది, వాలంటీర్లు నడుపుతారు, తక్కువ రుసుముతో నేర్పుతారు. వాళ్ళ చిన్న పడవల మీద నేర్చుకున్న గాలి జ్ఞానం జీవితాంతం ఉంటుంది. చిన్న పడవలో తప్పు చేస్తే వెంటనే నీళ్ళలో పడతావు, కాబట్టి వెంటనే నేర్చుకుంటావు. 30 అడుగుల పడవ తప్పులన్నీ కడుపులో దాచుకుంటుంది. నెలకు రెండుసార్లు వెళ్ళేవాళ్ళకు అద్దె పడవ చవక, ఇందులో సందేహమే లేదు. మన బడ్జెట్లలో పాతిక వేలంటే ఇండియాలో అమ్మానాన్నల వైద్యానికో, పాప చదువుకో పనికొచ్చే డబ్బు. ఆలోచించండి.

నీలి_కెరటం:
లేజర్ గారి లెక్క తప్పేమీ కాదు. కానీ ఆయన ఒంటరి మనిషి లెక్క వేశారు. మాది బర్క్‌లీ మెరీనాలో కాటలినా 27. పిల్లలున్న ఇంటికి సొంత పడవ వేరు, అద్దె పడవ వేరు. అద్దె పడవకు వెళ్తే పొద్దున్నే సామానంతా మోసుకెళ్ళాలి, సాయంత్రం టైముకు తిరిగి కట్టేయాలి. సొంతదైతే గాలి లేని రోజు కూడా వెళ్ళి కట్టేసిన పడవలోనే కూర్చుని అన్నం తింటాం, పిల్లలు హోంవర్క్ చేసుకుంటారు. మా అబ్బాయి తాళ్ళు చుట్టడం నేర్చుకున్నది అలా కట్టేసిన పడవ మీదే.

అన్నయ్యా, మీ పాప గురించి ఒకటి. పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ళలోపు పిల్లలు లైఫ్‌జాకెట్ వేసుకునే ఉండాలి, కాలిఫోర్నియాలో అది చట్టం. పిల్లలు ఆ చట్టాన్ని పాటించాలంటే మనం కూడా వేసుకోవాలి. పెద్దవాళ్ళు ఊరికే తిరుగుతుంటే ఏడేళ్ళ పిల్ల ఎందుకు ఊరుకుంటుంది?

తిండి విషయం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పడవకు ప్రెషర్ కుక్కర్‌ను మించిన గిన్నె లేదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఎంత ఒరిగినా ఒలకదు. బయల్దేరే రోజుకు పులిహోర, దద్దోజనం ఇంట్లోనే చేసి తీసుకెళ్ళండి. నడిచే పడవలో మొదట్లో వంట పెట్టుకోవద్దు, కిందికి వెళ్ళి తల వంచుకుని నిలబడితే కడుపులో తిప్పేస్తుంది. తిప్పుతున్నట్టు అనిపిస్తే పైకి వచ్చి దూరంగా ఒడ్డు వైపు చూస్తూ చుక్కాని పట్టుకోమనండి, చాలామందికి తగ్గిపోతుంది. మాత్ర వేసుకుంటే బయల్దేరే ముందే వేసుకోవాలి.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆవిడకు మొదట చూపించింది టాయిలెట్ పంపు. చేత్తో కొట్టే పంపు, కొట్టాక ఇంకా కొట్టాలి, పైపులో ఏమీ మిగలకూడదు. టిష్యూ కాగితం కూడా వేయనివ్వం, విడిగా సంచి ఉంటుంది. ట్యాంకు నిండితే మెరీనాలో దాన్ని ఖాళీ చేసే పంపౌట్ దగ్గరకు తీసుకెళ్ళాలి, బేలోకి వదలడం నేరం. చుట్టాల్ని పిలిచే ముందు ఇది చెప్పడానికి మొహమాటపడొద్దు.

మల్లెతీగ_ఫ్రీమాంట్:
నమస్తే, ఈ చర్చ మొదలుపెట్టింది మావారే. నీలి_కెరటం అక్కా, మీరు రాసింది చదివాక ధైర్యం వచ్చింది. నాకున్న భయం ఒకటే, అది ఆయన ఎవరినీ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. ఆయన నీళ్ళలో పడిపోతే నేనేం చేయాలి? కోర్సు ఆయన చేశారు, నేను చేయలేదు. పాప, నేను, ఆ పడవ, ఆ గాలి. ఇది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టట్లేదు.

బే_గాలి:
అమ్మా, ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది ఇదే.

మన బేలో నీళ్ళు ఏడాదంతా చల్లగానే ఉంటాయి, 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్. చల్లటి నీళ్ళలో పడ్డవాళ్ళకు ఒకటి–పది–ఒకటి అని చెబుతారు. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది, ఆ తర్వాత చేతులు కాళ్ళు ఆడేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే లైఫ్‌జాకెట్ ఉంటే టైముంది, లేకపోతే ఆ మొదటి నిమిషమే గండం. అందుకే ఆయన ఒంటి మీద ఎప్పుడూ జాకెట్ ఉండాలి, గాలి ఎక్కువున్నప్పుడు పడవకు కట్టిన తాడు ఛాతీకి వేసుకునే పట్టీకి (హార్నెస్‌కు) తగిలించుకోవాలి. పడకుండా చూసుకోవడమే అసలు పని.

పడితే మీరు చేయాల్సినవి: చేతికందిన తేలే వస్తువు, కుషన్ అయినా సరే, వెంటనే విసిరేయండి. పాపను ఒకచోట కూర్చోబెట్టి ‘నాన్న వైపు వేలు చూపిస్తూ ఉండు, కళ్ళు తిప్పకు’ అని చెప్పండి. అల మీద తల చాలా త్వరగా కనుమరుగవుతుంది. చుక్కాని తిప్పి పడవను గాలికి ఎదురుగా తెచ్చి వేగం చంపండి. వీహెచ్ఎఫ్ రేడియోలో ఛానల్ 16 నొక్కి మేడే (ప్రాణాపాయ సంకేతం) అని మూడుసార్లు, పడవ పేరు, ఎక్కడున్నారో చెప్పండి. ఆ తర్వాత లైఫ్‌స్లింగ్ (తేలే పట్టీ ఉన్న రక్షణ తాడు) వెనక లాగుతూ ఆయన చుట్టూ తిరగండి, ఆయన దాన్ని పట్టుకుంటారు. 80 కిలోల మనిషిని చేతులతో పైకి లాగడం ఎవరి వల్లా కాదు, తెరచాప ఎత్తే తాడును వించుకు చుట్టి లేపాలి. ఇదంతా చదివితే రాదు. తేలిగ్గా గాలి ఉన్న రోజు ఒక ఫెండర్‌ను (పడవ పక్కన ఒరుసుకోకుండా వేలాడదీసే గాలి బుడ్డిని) నీళ్ళలో పడేసి దాన్ని మీరు, మీరే, తిరిగి పట్టుకోవాలి. ఆయన కాక్‌పిట్‌లో చేతులు కట్టుకుని కూర్చోవాలి.

నా మాటగా మీవారికి చెప్పండి: పడవ కొనే ముందు మీరు కూడా 101 చేయాలి. ఆ ఫీజు మీ పడవ బడ్జెట్‌లోదే.

విశాఖ_తీరం:
మల్లెతీగ గారూ, 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళ పడవ తరిణి గుర్తుందా? 56 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు ఆడవాళ్ళు భూగోళం చుట్టి వచ్చారు. వాళ్ళలో పి. స్వాతి మా విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్. మీరు బే దాటగలరు.

కోరంగి_ఓడరేవు:
మా వైపు కోరంగి, తాళ్ళరేవు ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టడానికి పేరున్న ఊళ్ళు. ఇక్కడ తెలుగులో పడవల గురించి ఇంత చర్చ చూస్తుంటే చెప్పలేనంత సంతోషంగా ఉంది. ఒక సందేహం: కొన్నాక ఇల్లు ఖాళీ చేసి పడవలోనే ఉంటే అద్దె మిగలదా? లేదంటే వారాంతాల్లో బాడుగకు తిప్పి ఖర్చు రాబట్టుకోవచ్చు కదా?

రిచ్‌మండ్_పాయింట్:
రెండూ కుదరవు. బే పరిధిలో బీసీడీసీ (బే తీరాన్ని నియంత్రించే రాష్ట్ర సంస్థ) నిబంధన ప్రకారం మెరీనా స్లిప్పుల్లో పది శాతానికి మించి నివాస పడవలు ఉండకూడదు. ఆ పది శాతానికి ఎప్పుడూ వెయిటింగ్ లిస్టు ఉంటుంది. బాడుగ సంగతైతే, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కిస్తే మీరు కోస్ట్ గార్డ్ లైసెన్సున్న కెప్టెన్ అయ్యుండాలి. మామూలు ఇన్సూరెన్స్ కూడా వర్తించదు. వీసా మీద ఉన్నవాళ్ళు అలాంటి ఆదాయం ఊసే ఎత్తొద్దు. స్నేహితులు వచ్చేటప్పుడు తిండి తెస్తే ఇబ్బంది లేదు.

కాగితాల ఖర్చు కూడా చెప్పేస్తాను, చాలామంది ఇది వేసుకోరు. ప్రైవేటు అమ్మకమైనా సరే పేరు మార్చేటప్పుడు యూజ్ టాక్స్ కట్టాలి. మీ కౌంటీ సేల్స్ టాక్స్ రేటే వర్తిస్తుంది, బేలో తొమ్మిది పది శాతం చుట్టూ ఉంటుంది. ఆపైన ఏటా కౌంటీ నుంచి ఆస్తి పన్ను, విలువలో సుమారు ఒక శాతం. జనవరి 1 నాటికి పడవ ఎవరి పేరున ఉంటే బిల్లు వాళ్ళకే. డిసెంబరులో కొంటున్నట్టయితే ఇది బేరంలో వాడుకోండి. ఇంజిన్ ఉన్న పడవ నడిపేవాళ్ళకు వయసుతో సంబంధం లేకుండా 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా బోటర్ కార్డు తప్పనిసరి. ఆన్‌లైన్ పరీక్ష, కార్డుకు పది డాలర్లు, జీవితాంతం చెల్లుతుంది. ఇద్దరూ తీసుకోండి.

ఇంకొకటి. పడవతో పాటు స్లిప్పు కూడా వస్తుందని అమ్మేవాళ్ళు అంటారు. మెరీనా ఆఫీసుకు మీరే ఫోన్ చేసి అడగండి. చాలాచోట్ల స్లిప్పు బదిలీ కాదు. చాలా మెరీనాలు కనీసం మూడు లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ అడుగుతాయి. నలభై ఏళ్ళ పడవకు ఇన్సూరెన్స్ వాళ్ళు సర్వే రిపోర్టు అడుగుతారు. కాబట్టి వరస ఇదీ: స్లిప్పు దొరుకుతుందని ఖాయం చేసుకోవడం, సర్వే, ఇన్సూరెన్స్, ఆ తర్వాతే చెక్కు.

ఫ్రీమాంట్_తెరచాప:
బే_గాలి గారూ, మీ మాట ప్రకారం ఆవిడ 101లో చేరింది. ఇంకో కొత్త విషయం. మా వీధిలోనే ఉండే స్నేహితుడు సగం వాటా తీసుకుంటానంటున్నాడు. ఖర్చు సగం అవుతుంది. చేయొచ్చా?

నీలి_కెరటం:
చేయొచ్చు, కానీ కాగితం మీద. మనవాళ్ళ మధ్య డబ్బు మాట్లాడటానికి మొహమాటం, మొహమాటంతోనే స్నేహాలు చెడతాయి. ఎవరికి ఏ వారాంతం, విరిగితే ఎవరు కడతారు, రెండు వేలకు మించిన ఖర్చుకు ఇద్దరి ఒప్పుదలా అవసరమా, ఒకరు బదిలీ అయి టెక్సస్ వెళ్ళిపోతే వాటా ఏ ధరకు ఎవరు తీసుకోవాలి, ఇవన్నీ ముందే రాసుకోండి. పండగ వారాంతాలు ముఖ్యంగా. జూలై 4న ఇద్దరికీ పడవ కావాలి, అప్పుడు చూద్దాంలే అనుకుంటే అప్పుడే మాట పట్టింపులొస్తాయి.

హుస్సేన్‌సాగర్_లేజర్:
వాటా పడవ అంటే నేను కూడా ఒప్పుకుంటాను. ఖర్చు సగం, పడవ వాడకం రెట్టింపు. వాడని పడవే త్వరగా పాడవుతుంది.

ఫ్రీమాంట్_తెరచాప:
సర్వే అయింది. మొన్న హాల్‌ఔట్ దగ్గర నేను, స్నేహితుడు ఇద్దరం నిలబడి చూశాం. రిపోర్టులో ముఖ్యమైనవి రాస్తున్నాను, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కీల్ ముందు సన్నటి స్మైల్, తుప్పు లేదు, బిల్జ్ గట్టిగా ఉంది. ఎడమవైపు రెండు రెయిలింగ్ స్తంభాల చుట్టూ డెక్‌లో తేమ, ఒక్కోటి అరచేయంత మేర. టాయిలెట్ సీకాక్ (హల్ రంధ్రాన్ని మూసే వాల్వ్) పాతకాలం గేట్ వాల్వ్, చక్రం తిప్పుతుంటే సగంలో బిగుసుకుంది. ఆల్టర్నేటర్ బ్రాకెట్ కొత్తది, వైరింగ్ ప్లగ్ మాత్రం పాతదే, అంచు నల్లబడింది. బాత్రూమ్ తలుపు చక్కగా పడుతోంది. మాస్ట్ తీగలు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. మెయిన్ సెయిల్ మెత్తబడిపోయింది, ముందు తెరచాప బాగుంది. ఇంజిన్ చల్లగా ఉండగానే మొదటి తిప్పుకే అందుకుంది, ఎగ్జాస్ట్‌లో నీళ్ళు బాగా వస్తున్నాయి.

చెసపీక్_తీరం:
ఇది మంచి రిపోర్టు. నిజంగా మంచి పడవ దొరికింది మీకు. వరసగా చెబుతాను.

నీళ్ళలో దింపే ముందే, ఈ హాల్‌ఔట్‌లోనే, ఆ గేట్ వాల్వ్ తీసేసి సరైన సీకాక్ వేయించండి. నీటిమట్టం కిందున్న రంధ్రానికి పట్టని వాల్వ్ ఉన్న పడవలో ఎవరూ పడుకోకూడదు. వైరింగ్ ప్లగ్ కోసేసి తీగల్ని నేరుగా కలిపించండి, నల్లబడిందంటే ఇప్పటికే కాలడం మొదలైంది. మాస్ట్ తీగల వయసు తెలియదంటే మార్చాలనే లెక్క వేసుకోండి. స్టెయిన్‌లెస్ తీగ బయటికి మెరుస్తూనే ఉంటుంది, పగులు బిగింపు లోపల వస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా అదే అడగొచ్చు. మెయిన్ సెయిల్ ఈ ఏడాదికి నడుస్తుంది, తొందరేమీ లేదు.

ఇవన్నీ కలిపి ఖర్చు వేసి, రిపోర్టు చూపించి ధర తగ్గించమని మర్యాదగా అడగండి. తీగల కొటేషన్ ఒకటి రాయించుకుని వెళ్తే మాట బరువుగా ఉంటుంది.

బే_గాలి:
ధర ఎంతకు తెగినా, చేతిలో కనీసం ఏడెనిమిది వేలు మిగలాలి. అలా మిగలకపోతే ఈ పడవ కూడా వద్దనే చెబుతాను.

నీళ్ళలోకి దిగాక మొదటి వేసవి ఎక్కడ తిరగాలో ఇప్పుడే చెప్పేస్తాను. మధ్యాహ్నం సెంట్రల్ వ్యాలీ వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. గేట్ నుంచి బర్క్‌లీ వైపు గీత గీస్తే, ఆ దారిలో జూన్, జూలై మధ్యాహ్నాలు గాలి 20, 25 నాట్ల వేగంతో వీయడం మామూలు. పొద్దున పదింటికి అద్దంలా ఉన్న నీళ్ళు మూడింటికి గుర్తుపట్టలేం. కాబట్టి బయల్దేరే ముందే, రేవులోనే, మెయిన్ సెయిల్‌కు ఒక రీఫ్ వేసుకోండి, అంటే తెరచాపను కొంత మడిచి చిన్నది చేయండి. గాలి తక్కువైతే విప్పొచ్చు, ఎక్కువయ్యాక వేయడం కష్టం.

పోటు, పాటు పట్టిక చూడకుండా గేట్ దగ్గరకు పోవద్దు. పాటు సమయంలో నీరు నాలుగు నాట్లు దాటి సముద్రంలోకి లాగుతుంది. మీ పడవ మహా పోతే ఆరున్నర నాట్లు. పడమటి గాలికి పాటు ఎదురైనప్పుడు అలలు నిటారుగా లేస్తాయి.

ఏంజెల్ ఐలండ్‌లో ఆయాలా కోవ్ దగ్గర ముందూ వెనకా రెండు బోయాలకు కట్టాలి, ప్రవాహంలో అది కొత్తవాళ్ళకు తేలిక కాదు. మొదటి రాత్రికి ట్రెజర్ ఐలండ్ పక్కన క్లిప్పర్ కోవ్ మంచిది, పడమటి గాలి తగలదు, లంగరు బాగా పడుతుంది. లోపలికి వెళ్ళే చోట ఇసుక మేట ఉంది, చార్టు చూసుకుని నీరు ఎక్కువున్నప్పుడు వెళ్ళండి. డెల్టాకు పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, హాయిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది, దానికి ఒక రోజు ఎక్కువ సెలవు పెట్టుకోండి. హాఫ్ మూన్ బే వచ్చే ఏడాది.

ఫ్రీమాంట్_తెరచాప:
13,200కు తెగింది. స్నేహితుడితో ఒప్పందం రాసుకున్నాం, నీలి_కెరటం అక్క చెప్పిన ప్రతి అంశం అందులో ఉంది. సీకాక్ మార్పించాం, వైరింగ్ అయిపోయింది, మాస్ట్ తీగలు వచ్చే నెల. స్లిప్పు అలమీడాలో దొరికింది. మల్లెతీగ 101 పాసైంది, ఫెండర్ పడేసి తనే తిరిగి పట్టుకుంది, నేను చేతులు కట్టుకునే కూర్చున్నాను.

ఇప్పుడు ఆ రెండు రెయిలింగ్ స్తంభాల పని నేనే చేద్దామనుకుంటున్నాను. సిలికాన్ పెట్టనా?

చెసపీక్_తీరం:
సిలికాన్ వద్దు. ఒకసారి పెడితే ఆ చోట తర్వాత ఇంకేదీ అంటుకోదు. బ్యూటిల్ టేప్ (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) తెప్పించుకోండి.

స్తంభం విప్పాక రంధ్రంలోంచి తడి చెక్కను వంకర మేకుతో గీకి తీసేయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టండి, తొందరపడొద్దు, కొన్ని రోజులు పట్టినా ఫరవాలేదు, పైన ప్లాస్టిక్ కప్పి ఉంచండి. అడుగున టేప్ వేసి చిక్కటి ఎపాక్సీతో రంధ్రం పూర్తిగా నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలోంచి కొత్తగా బోల్టు రంధ్రం వేయండి. ఇకమీద నీళ్ళు దిగినా ఎపాక్సీకే తగులుతాయి, చెక్కకు తగలవు. పైన రంధ్రం అంచును కొద్దిగా వాలుగా చెక్కండి, బ్యూటిల్‌ను బోల్టు మెడ చుట్టూ చుట్టి బిగించండి. బిగించేటప్పుడు బోల్టు తల తిరగకూడదు, కింద నుంచి నట్టు మాత్రమే తిప్పాలి. అందుకు లోపల ఒకరు, డెక్ మీద ఒకరు కావాలి. ఒకేసారి పూర్తిగా బిగించొద్దు, అంచుల్లోంచి పొంగిన బ్యూటిల్ కోసేసి, ఎండ తగిలాక మర్నాడు ఇంకో పావు తిప్పు తిప్పండి.